కాగితం లైబ్రరీది, రాత ఎవరిది?

విశాఖ ఉక్కు ఉద్యమం మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి లైబ్రరీలో 1966 నవంబరు నాటి దినపత్రికల బౌండు వాల్యూము తెప్పించుకుందనుకుందాం. నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ మర్నాటి పేజీలు ఆమె థీసిస్‌కు ఆయువుపట్టు. కాగితం ముదురు పసుపు రంగుకు తిరిగింది, అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. జెరాక్స్ మిషను మీద బోర్లా వేసి అదిమితే కుట్టు ఊడిపోవడం ఖాయం. చేతిలో ఫోనుంది కాబట్టి "ఫోటో తీసుకోవచ్చాండీ?" అని అడిగింది. కౌంటర్లో ఉన్నాయన "కాపీరైట్ ఉంటాదమ్మా, కుదరదు" అన్నాడు. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తి "అరవయ్యేళ్ళ నాటి పేపరుకి కాపీరైటేంటండీ" అన్నాడు. ఇద్దరూ చెప్పింది సగం సగమే నిజం.

ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కాగితం లైబ్రరీది. అది చిరగకుండా, మాయం కాకుండా చూసుకోవడానికి లైబ్రరీ తన నిబంధనలు తాను పెట్టుకోవచ్చు. కెమెరా వద్దనొచ్చు, రుసుం అడగొచ్చు, దరఖాస్తు రాయించుకోవచ్చు. దానికీ కాపీరైట్‌కీ సంబంధం లేదు. ఇక కాగితం మీది రాత రచయితది, ఆయన తర్వాత వారసులది, లేదా ఆయన హక్కులు రాసిచ్చిన ప్రచురణకర్తది. డబ్బు పెట్టి పుస్తకం కొన్నంత మాత్రాన అందులోని పద్యం లైబ్రరీ సొత్తు అయిపోదు. మూడోది, చట్టం నేరుగా పాఠకుడికే ఇచ్చిన వెసులుబాటు. రచయిత అనుమతి అడగక్కర్లేని చోట్లు అందులో కొన్ని ఉన్నాయి. అందుకే వెయ్యేళ్ళ నాటి కావ్యం తాటాకు ప్రతిని ఫోటో తీయనివ్వమని లైబ్రరీ నిరభ్యంతరంగా చెప్పొచ్చు, ఆ కావ్యం మీద ఎవరికీ ఏ హక్కూ లేకపోయినా సరే. నిన్న మొన్న వచ్చిన పుస్తకంలో నాలుగు పేజీలు తీసుకోమని అదే లైబ్రరీ అనొచ్చు. రెండూ సబబే.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. పాఠకుడికి పనికొచ్చేదంతా దాదాపు 52వ సెక్షన్‌లో ఉంది. అందులో మొదటి క్లాజే చెబుతుంది: సొంత ఉపయోగానికి, అందులో భాగంగా పరిశోధనకు, ఏ రచననైనా న్యాయమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదు. విమర్శ రాయడానికీ, సమీక్షకూ అంతే. చేత్తో నోట్సు రాసుకోవడం, జెరాక్స్ తీయడం, ఫోన్లో ఫోటో కొట్టడం అని చట్టం తేడా చూపదు. కాబట్టి మన పరిశోధక విద్యార్థిని తన థీసిస్ కోసం నవంబరు పేజీలు ఫోటో తీసుకుంటే కాపీరైట్ పేరు చెప్పి ఆపడానికి లేదు. లైబ్రరీ నిబంధన పేరు చెప్పి ఆపొచ్చు. కౌంటర్లో ఆయన "మా రూలు" అని ఉంటే సరిపోయేది.

"న్యాయమైన మేరకు" అంటే ఎంత? పది శాతం దాకా ఫరవాలేదన్న మాట మన కాలేజీల్లో బాగా చెలామణిలో ఉంది. చట్టంలో అలాంటి అంకె ఎక్కడా లేదు. ఎంత తీశారు, ఎందుకు తీశారు, ఆ కాపీ వల్ల అసలు పుస్తకం అమ్మకానికి దెబ్బ తగులుతుందా అని కోర్టులు చూస్తాయి. బజార్లో దొరికే నవలను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఫోన్లోకి ఎక్కించుకుని "పరిశోధన" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జెరాక్స్ షాపు కేసు గుర్తుండే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ తదితర ప్రచురణ సంస్థలు వేసిన ఆ దావాను 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఇక ఏదైనా కాపీ తీసుకోవచ్చని చాలామంది అనుకుంటున్నారు. ఆ తీర్పు ఆధారపడింది బోధన కోసం కాపీ తీయడానికి వీలిచ్చే క్లాజు మీద. క్లాసు పాఠానికి కావలసిన భాగాల సంగతి అది. లైబ్రరీలో ఒంటరిగా కూర్చున్న పాఠకుడికి దాని నీడ పడుతుందేమో గానీ, దాన్నే గొడుగు అనుకుంటే తడుస్తాడు.

అసలు చిక్కు ఫోటో తీసినప్పుడు రాదు, అది ఫోను దాటి బయటికి వెళ్ళినప్పుడు వస్తుంది. మీ గ్యాలరీలో ఉన్నంత కాలం అది మీ నోట్సు. మూడొందల మంది ఉన్న వాట్సాప్ సాహిత్య బృందంలో పుస్తకం మొత్తం పేజీలు పెడితే అది పంపిణీ. మీరు వేసే పుస్తకంలో ఆ పేజీని బొమ్మగా అచ్చు వేస్తే అది ప్రచురణ. ఒక్క పైసా తీసుకోలేదన్నది మంచి మాటే గానీ, దానికదే రక్షణ కాదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. మన సాహిత్య గ్రూపుల్లో రోజూ జరిగేదాన్ని బట్టి చూస్తే ఈ సెక్షన్ ఉందన్న సంగతే చాలామందికి తెలిసినట్టు లేదు.

బయటికి పంపాలనుకున్నప్పుడే రచన వయసు లెక్క వేసుకోవాలి. రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. ఆ అరవై, చనిపోయిన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుంచి మొదలవుతుంది. పుస్తకం ఎప్పుడు అచ్చయిందన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. ఇదే చాలామంది పొరబడే చోటు. గురజాడ 1915లో, గిడుగు 1940లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి 1951లో పోయారు. వాళ్ళు బతికుండగా అచ్చు వేసినవన్నీ ఇప్పుడు అందరివీ. అదే విశ్వవిద్యాలయం లైబ్రరీని నడిపిన అబ్బూరి రామకృష్ణారావు 1979లో కన్నుమూశారు. జీవితమంతా పుస్తకాలు పదిమందికీ అందించిన ఆ గ్రంథాలయాధికారి సొంత కవిత్వం 2040 జనవరి దాకా అందరిదీ కాదు. విశాఖలోనే పుట్టిన ఆరుద్ర 1998లో పోయారు కాబట్టి 2058 ఆఖరు దాకా, విశాఖ కోర్టుల్లో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి 1993లో పోయారు కాబట్టి 2053 ఆఖరు దాకా హక్కులు ఉంటాయి.

విశాఖ వాళ్ళు ఎక్కువగా అడిగేది శ్రీశ్రీ గురించే. 1950 నాటి మహాప్రస్థానం తొలి ముద్రణ ఏ బీరువాలోనో కంటబడితే ఎవరికైనా చేయి ఆగదు. డెబ్బై అయిదేళ్ళు దాటిన పుస్తకం కదా అనిపిస్తుంది. శ్రీశ్రీ 1983 జూన్‌లో, రుధిరోద్గారి సంవత్సరంలో పోయారు. మన సంవత్సరాల పేర్లు అరవైకొకసారి తిరిగొస్తాయి, కాపీరైట్ గడువూ అరవయ్యే. రుధిరోద్గారి మళ్ళీ వచ్చేది 2043లో, ఆ ఏడాది డిసెంబరు 31తోనే శ్రీశ్రీ హక్కులు తీరతాయి. పార్లమెంటులో ఎవరూ పంచాంగం చూసి పెట్టి ఉండరు గానీ, తెలుగు పాఠకుడికి గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన లెక్క లేదు. అదే పుస్తకంలో ఇంకో మెలిక ఉంది. ముందుమాటగా ఉన్న యోగ్యతాపత్రం చలం రాసింది. చలం పోయింది 1979లో. అంటే ముందుమాట 2040 జనవరిలోనూ, లోపలి గీతాలు 2044 జనవరిలోనూ బయటపడతాయి. ముఖచిత్రం వేసిన వాళ్ళ లెక్క మళ్ళీ వేరు. మరి బీచ్ రోడ్డు మీది శ్రీశ్రీ విగ్రహం? దాన్ని ఎన్ని ఫోటోలైనా తీయండి, పుస్తకం అట్ట మీద వేసుకోండి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫోటో తీయడానికీ, ప్రచురించడానికీ చట్టం అనుమతిస్తుంది. మనిషి బొమ్మకు ఉన్న స్వేచ్ఛ ఆయన పద్యానికి ఇంకా రాలేదన్నమాట.

ఈ అరవై కూడా మొదట యాభయ్యే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991 ఆఖరుతో ముగియబోతుండగా, డిసెంబరు 28న ఇంకో పదేళ్ళు పెంచారు. ఆయనకన్నా ఏడాది ముందు పోయిన మన గిడుగు రామమూర్తి రచనలు అప్పటికే అందరివీ అయిపోయాయి. ఒకసారి జనం సొత్తయినదాన్ని ఆ సవరణ వెనక్కి లాక్కోలేదు.

ఇప్పుడు 1966 నవంబరు పేజీల దగ్గరికి వద్దాం. వార్తాపత్రిక పేజీ ఒకటే కాగితమైనా, అందులో ఎన్ని ముక్కలున్నాయో అన్ని లెక్కలు. పేరు లేకుండా వేసిన వార్త ఉందనుకోండి, దాని హక్కు అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. ఈలోగా రాసినదెవరో బయటపడకపోతేనే సుమా. అంటే 1966లో పేరు లేకుండా వచ్చిన వార్తలు 2026 డిసెంబరు 31తో బంధం తెంచుకుంటాయి. పెద్దాయన అన్నది సగం నిజం అన్నది అందుకే. విశాఖలో ఉక్కు కర్మాగారం పెడతామని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించింది 1970 ఏప్రిల్ 17న. ఆ మర్నాటి వార్తలకు 2031 జనవరి దాకా ఆగాలి. పేరు పెట్టి రాసిన వ్యాసమైతే మళ్ళీ రచయిత జీవితం, ఆపైన అరవై.

వార్త పైనున్న ఫోటో సంగతి ఇంకా తిరకాసు. 2012 దాకా ఫోటోకు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళే ఉండేది. ఆ ఏడాది సవరణతో ఫోటోగ్రాఫర్లను కూడా మిగతా రచయితలతో సమానం చేశారు: వాళ్ళ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. న్యాయమే, కాదనలేం. కానీ ఫలితం చూడండి. కాల్పుల వార్త 2027 జనవరిలో అందరిదీ అయిన తర్వాత కూడా, దాని నెత్తిన ఉన్న జనసమూహం బొమ్మ కాదు. ఆ ఫోటోగ్రాఫరు 2000లో పోయి ఉంటే దానికి 2060 దాకా యజమాని ఉంటాడు. కాబట్టి పేజీ మొత్తాన్ని పుస్తకంలో వేయాలనుకునే వాళ్ళు బొమ్మకు విడిగా అనుమతి తెచ్చుకోవాలి, లేదా బొమ్మను మినహాయించి వార్త వరకే కత్తిరించుకోవాలి.

ప్రభుత్వం ప్రచురించిన వాటికి ప్రచురణ నుంచి 60 ఏళ్ళు, ప్రభుత్వ రంగ సంస్థల ప్రచురణలకూ అంతే. పోర్టు, ఉక్కు కర్మాగారం వేసిన సంచికలు, నివేదికలు ఈ కోవలోకి వస్తాయి. గెజిట్, చట్టసభ చేసిన చట్టం, కోర్టు తీర్పు, చట్టసభ ముందుంచిన కమిటీ నివేదిక మాత్రం సాధారణంగా మొదటి రోజు నుంచే పునర్ముద్రణకు సిద్ధం. కార్మైకేల్ 1869లో వేసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో వేసిన గెజిటీరు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. జిల్లా చరిత్ర రాసేవాళ్ళకు ఈ రెండూ అక్షయపాత్రలే.

అచ్చుకాని కాగితాల దగ్గర చట్టం ఉదారంగానూ ఉంది, పిసినారిగానూ ఉంది. లైబ్రరీలో, మ్యూజియంలో, ప్రజలకు ప్రవేశం ఉన్న ఏ సంస్థలోనైనా భద్రపరచిన అముద్రిత రచనను, రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే, పరిశోధనకే కాదు, ప్రచురించే ఉద్దేశంతో కూడా కాపీ తీసుకోవచ్చు. రచయిత ఎవరో తెలియకపోతే ఆ అరవై అడ్డు కూడా లేదు. ఉత్తరాలు, డైరీలు, నాటకం రాతప్రతులు దీని కిందికి వస్తాయి. ఎవరి ట్రంకు పెట్టెలోనో ఉన్న ఉత్తరాలు రావు, ఎందుకంటే అది ప్రజలు వెళ్ళే చోటు కాదు. పైగా ఉత్తరం అందుకున్నవాళ్ళది కాగితం మాత్రమే, అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్ళదే. ఒక రచయిత నాకు రాసిన ఉత్తరం నేను అచ్చు వేసుకుంటే తప్పేంటి అనుకునే సాహిత్యాభిమానులు ఇది గమనించాలి.

పిసినారితనం ఎక్కడంటే, ఆ క్లాజు సాహిత్య, నాటక, సంగీత రచనలనే పేర్కొంది. పటాలు, ఇంజనీరింగ్ డ్రాయింగులు, ఫోటోలు కళాకృతుల లెక్కలోకి వస్తాయి, వాటికి ఈ సౌకర్యం లేదు. విశాఖలాంటి ఊరికి ఇది చిన్న లోటు కాదు. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించిన రేవు, అలల తాకిడికి అడ్డుగా పాత ఓడల్ని నీట ముంచి కట్టిన వైనం, 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన ఓడల కర్మాగారం, అక్కడ 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన జలఉష, ఈ చరిత్రంతా వాక్యాల్లో కన్నా గీతల్లోనే ఎక్కువ ఉంటుంది. అచ్చుకాని డ్రాయింగు ఏ ఆర్కైవులోనైనా కనబడితే సొంత అధ్యయనానికి ఫోటో తీసుకోవచ్చు. పుస్తకంలో వేయాలంటే హక్కుదారు సంతకం కావాల్సిందే. నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి, రేవు పటాల దగ్గర భద్రతా నిబంధనలు వేరే ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ అడగకుండా ఫోను పైకెత్తకపోవడమే మేలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాలు కూడా ఉన్నాయి. తాటాకుల దగ్గర కాపీరైట్ బెంగ దాదాపు లేదు, చెయ్యి బెంగే ఉంది. గంటంతో గీసిన అక్షరాల్లో మసి నిలవకపోతే ఎదురుగా వెలుగు పెట్టినా ఏమీ కనబడదు. ఆకుకు పక్కగా, దాదాపు దాని మట్టానికి ఒక చిన్న దీపం ఉంచితే గీతల్లో నీడ పడి అక్షరం లేచొస్తుంది. ఫ్లాష్ ఇక్కడ రెండు విధాలా దండగ: అక్షరాన్ని చదును చేస్తుంది, మిగతా పాఠకులను ఉలిక్కిపడేలా చేస్తుంది. కట్ట విప్పేది, తిరిగి కట్టేది సిబ్బందే కావాలి. ఇంకొక్క మాట. ప్రాచీన కావ్యానికి హక్కుదారు లేడు గానీ, దాన్ని పరిష్కరించి పీఠిక, పాదసూచికలు రాసిన పండితుడికి ఆ మేరకు హక్కు ఉంటుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చైన పీఠికలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మొన్న మొన్నటి పరిష్కర్త పీఠిక అలా కాదు.

పాత పేజీని ఫోటో తీసినంత మాత్రాన తీసినవాళ్ళకు కొత్త హక్కు పుడుతుందా? ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో సుప్రీంకోర్టు, కాపీరైట్‌కు శ్రమ ఒక్కటే చాలదు, కాస్తయినా సృజన ఉండాలని చెప్పింది. ఆ తర్కం ప్రకారం ఉన్న పేజీని ఉన్నట్టు దించిన ఫోటోకు హక్కు నిలవడం కష్టం. స్కాన్ల మీద సంస్థలు వేసే వాటర్‌మార్కులు కాపీరైట్ కన్నా ఒప్పందపు షరతులకే దగ్గర. అయినా షరతు షరతే. సంతకం చేసి లోపలికి వెళ్ళాక దాన్ని మీరడం మర్యాద కాదు.

లైబ్రరీకి కూడా తన వంతు వెసులుబాట్లున్నాయి, మన లైబ్రరీలు వాటిని వాడుకుంటున్నది తక్కువ. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర కాగితం ప్రతి ఉన్న ఏ రచననైనా భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి తన వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీయించుకోవచ్చు. ఉప్పుగాలి, చెమ్మ, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి తుపాన్లు ఉన్న తీరంలో ఇది పాఠకుల సౌకర్యం కన్నా ముఖ్యమైన పని. దాచుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టడం వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టి, కాపీరైట్ చిక్కుల్లో పడి ఆ సైట్‌నే మూసుకోవాల్సి వచ్చింది. ఆ స్కాన్లు మరో చోట ఇంకా దొరుకుతున్నాయి గానీ, ఇంటర్నెట్‌లో కనబడింది కాబట్టి స్వేచ్ఛగా అచ్చు వేసుకోవచ్చని మాత్రం కాదు.

కెమెరాను చూసి భయపడే లైబ్రేరియన్లకు ఒక సంగతి చెప్పాలి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2015 నుంచి రీడింగ్ రూముల్లో పాఠకులే ఫోటోలు తీసుకునే వీలు కల్పించింది. జెరాక్స్ మిషను గాజుపలక మీద పుస్తకాన్ని అదమడం కన్నా, మెత్తటి దిండు మీద సగం తెరిచి పెట్టి పైనుంచి ఫోటో తీయడమే పుస్తకానికి క్షేమం. మన దగ్గర ఇంకా చాలాచోట్ల జెరాక్స్‌కు ఓకే, ఫోనుకు నో. ఇది తలకిందుల నిబంధన.

అనుమతి దొరికాక మొదటి ఫోటో కావలసిన పేజీది కాకూడదు. యాక్సెషన్ నంబరున్న పేజీ తీయండి, తర్వాత లోపలి అట్ట, దాని వెనక పేజీ. ముద్రణ సంవత్సరం, ప్రెస్సు, ప్రచురణకర్త, సర్వస్వామ్య సంకలితము అన్న మాట అక్కడే ఉంటాయి. ఆ మాట లేకపోతే హక్కు లేదని కాదు, మన దేశంలో హక్కుకు ప్రకటనా అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. పాత పుస్తకాల్లో ప్రమాది, విక్రమ అని సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే, అది ఏ అరవైలోదో పీఠికలోని మాటల్ని బట్టి తేల్చుకోవాలి. ఇదంతా ఆ పూటే చేసుకోకపోతే, నెల తర్వాత గ్యాలరీలో ఏ పేజీ ఏ పుస్తకంలోదో చెప్పేవాడుండడు.

హక్కుదారు ఎవరో ఎంత వెతికినా తెలియని పుస్తకాలే తెలుగులో ఎక్కువ. ప్రచురణ సంస్థ మూతపడింది, రచయిత పిల్లలు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. ఇలాంటి వాటికి 31-ఎ సెక్షన్ ఒక దారి చూపింది: దేశంలో ఎక్కువ భాగం చేరే ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇచ్చి, లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఐదొందల ప్రతులు వేసే చిన్న ప్రచురణకర్తకు ఆ ప్రకటన ఖర్చుకే పుస్తకం అచ్చయిపోతుంది. చట్టం దృష్టిలో దారి ఉన్నట్టే, నడిచేవాడికి లేనట్టే.

వారసులు దొరికిన చోట మాత్రం ఒక ఉత్తరం చాలు. తెలుగు రచయితల కుటుంబాలు అడిగితే కాదనడం అరుదు, అడగకుండా వేశారనే వాళ్ళ బాధ. ఉత్తరంలో ఏ పుస్తకం, ఏ పేజీలు, ఎన్ని ప్రతులు, అచ్చులోనా ఇంటర్నెట్‌లోనా, అమ్మకానికా ఉచితానికా అన్నవి విడివిడిగా రాయండి. వారసులు ఒకరికన్నా ఎక్కువ మంది ఉంటే అందరి సంతకాలూ తీసుకోండి. "మీ ఇష్టం బాబూ, వేసుకోండి" అని ఫోన్లో అన్నది రేపు ఎవరికీ గుర్తుండదు, కాబట్టి ఆ మాటనే ఒక మెసేజీగా పంపమని అప్పుడే అడగండి.